బట్టమేకయు పురుగుమందును

కర్నూలు సీమలోని రోళ్లపాడు బీళ్లను 1988లో బట్టమేక పక్షికి అభయస్థానముగ ప్రకటించిరి. 2022లో జిల్లాల విభజన జరిగిన పిదప ఆ ప్రాంతము నంద్యాల జిల్లాలో చేరినది. అభయస్థానము మిగిలినది గాని, అచ్చట ఆ పక్షి దర్శనమే దుర్లభమైనది. దేశమంతటను కలిపి మిగిలినవి రెండువందలకు లోపే. అందును అత్యధికము రాజస్థానమునందలి జైసల్మీరు ప్రాంతముననే యున్నవి.

ఈ దుర్గతికి పురుగుమందే కారణమని మేమనజాలము. వేట, బీళ్లు సాగులోనికి వచ్చుట, విద్యుత్తు తీగెలు ముఖ్య కారణములు. అయినను బట్టమేక జీవనక్రమము నెరిగినవారు మందు విషయమును ఉపేక్షింపరాదు. ఆడుపక్షి సాధారణముగ ఏడాదికొక్క గ్రుడ్డును వట్టినేలపై పెట్టును. వానకారున పిల్లను మిడతలతోను పురుగులతోను పెంచును. మన రైతు చేనిపై మందు చల్లునదియు ఆ నెలలలోనే. పక్షికి అభయస్థానపు సరిహద్దు తెలియదు. వేరుసెనగచేనిలో మేత దొరికిన అచ్చటికే పోవును.

మిడతకు పెట్టిన విషము మిడతను దిను పక్షికి చేరుట ఊహామాత్రము గాదు. ఉత్తర అమెరికాలో పొదిగి అర్జెంటీనా మైదానములకు వలసపోవు స్వెయిన్సన్ గద్దలు 1995-96లో వేలకొలది కూలినవి. మిడతలపై చల్లిన మోనోక్రోటోఫాస్ అందులకు కారణమని తేలినది. ప్రభుత్వము ఆ మందును కట్టడి చేసెను. వ్యవసాయోద్యోగులు రైతుల కడకేగి బోధించిరి. మరుసటి ఋతువున పక్షుల మరణములు మిక్కిలి తగ్గినవి. శాసనమును బోధనయు జతగూడుటచేతనే యిది సాధ్యమైనదని మా విశ్వాసము. మన దేశమున ఈ మందును కూరగాయలపై వాడరాదని 2005లోనే నిషేధించిరి. దాని 36 శాతపు ద్రవమును నిషేధించుచు ప్రకటన వెలువడుటకు 2023 రావలసివచ్చినది!

ఇక మన రైతునకు బోధకుడెవ్వడు? మందులకొట్టు యజమానియే. తెగులు చెప్పువాడును, మందిచ్చువాడును, అప్పు పెట్టువాడును ఆతడే. అప్పున్నవాడు వేరొక కొట్టుకు పోజాలడు. ఇచ్చిన దానిని కాదనజాలడు. డబ్బాపై ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగుల గుర్తులు గలవు. ఎరుపు తీవ్రవిషము, తక్కినవి వరుసగా తగ్గును. ఆ రంగు మనుష్యునికెంత ముప్పో సూచించును. పక్షికిని తేనెటీగకును ఏమగునో చెప్పదు. డబ్బాలోని కాగితమున తెలుగున్నను ఆ చీమతలకాయంత యక్షరములను, కూలికి వచ్చి మందుకొట్టువాడు చేలగట్టున చదువునా?

హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ 2003లో మందుల వర్తకులకు ఏడాదికాలపు శిక్షణను ఆరంభించినది. ఇది మెచ్చదగిన పని. అయినను సరకమ్మువానికి సరకు తక్కువ వాడుమని నేర్పుట కొంత చిత్రమే. రైతు తానుగా పురుగును పోల్చుకొనగలిగిన నాడే కొట్టువాని మాటను తూచగలడు. 1989లో ఇండోనేషియా వరిచేలలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో మొదలైన పద్ధతి మన నేలపై పొలంబడి యను చక్కని పేరు పొందినది. అందు రైతులు వారమునకొకమారు చేలోదిగి, చెరుపు చేయు పురుగులెన్ని, మిత్రపురుగులెన్ని యని లెక్కించి, మందు వలయునో అక్కరలేదో తామే తేల్చుకొందురు. పాల్వంచ చెంతనున్న పునుకుల గ్రామము ఈ శతాబ్ది తొలి సంవత్సరములలోనే రసాయనపు మందులను మానుకొన్నది. వేపగింజల కషాయము, లింగాకర్షక బుట్టలు, పక్షులు వ్రాలుటకు చేలో పాతిన కొయ్యలు వారి సాధనములు. ఒక పిట్ట యెన్ని లద్దెపురుగులను తినునో కొయ్యపాతినవానికి ఉపన్యాసము వలదు.

మన పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు. వారి పొలములను కౌలుదార్లు సాగుచేయుచున్నారు. పంట పోయినను కౌలు తగ్గదన్న భయమే కౌలుదారుచేత రెండవమారును, మూడవమారును మందు కొట్టించుచున్నది. కావున బీళ్లకు ఆనుకొనియున్న చేలలో పొలంబడి నడుపుటకు భూస్వాములు తమ భూమి నీయవలయును. ఆ యేడు దిగుబడి తగ్గినచో ఆ మేరకు కౌలు తగ్గింపవలయును. బీటిగట్టు వెంబడి కొన్ని సాళ్లు మందులేక విడిచిన రైతునకు కలుగు నష్టమును ప్రభుత్వము భరింపవలయును. మందుకొట్టు కూలివాడు ఆ పాఠమునకు తప్పక రావలయును. ఆనాటి కూలి వాని కెవరిత్తురో వానలు పడకమునుపే తేలవలయును.