కరివేపాకు కుండీకి తిండి ఎప్పుడు, ఎంత?

గౌటెంగ్‌లో మే నెల రాగానే మన తెలుగు ఇళ్ళలో ఒక పని తప్పదు. పెరట్లోనూ వరండాలోనూ ఉన్న కరివేపాకు కుండీలు ఇంట్లోకి వస్తాయి. డర్బన్ బంధువులకు ఈ బాధ లేదు. అక్కడ అది గోడ పక్కన తనంత తాను చెట్టయిపోతుంది. జోహన్నెస్‌బర్గ్ సముద్రమట్టానికి 1,700 మీటర్ల పైన ఉన్న ఊరు. జూన్, జూలై తెల్లవారుజాముల్లో పచ్చిక మీద మంచు తెల్లగా గడ్డకడుతుంది. కరివేపాకు లేత కొమ్మలు అలాంటి రెండు రాత్రులకే నల్లబడి వాలిపోతాయి. అందుకే మూడు నాలుగు నెలలు ఆ మొక్క వంటింటి కిటికీ దగ్గరో, సోఫా వెనకాలో మనతోపాటే కాపురం చేస్తుంది.

ఆ కాపురంలోనే చాలా మొక్కలు చచ్చిపోతాయి. చలి వల్ల చచ్చేవి కొన్నే. ఎక్కువ భాగం మనం ప్రేమగా పెట్టే తిండి వల్ల.

లెనేషియాలో నాకు అక్క వరస అయ్యే ఒకావిడ ఇంట్లో జరిగింది చెబుతాను. ఆవిడ పుట్టిల్లు చాట్స్‌వర్త్. గ్రూప్ ఏరియాస్ చట్టం కింద 1960లలో డర్బన్‌లోని పాత ఇళ్ళు ఖాళీ చేయించినప్పుడు, వాళ్ళ అవ్వ పాత ఇంటి కరివేపాకు చెట్టు దగ్గర మొలిచిన పిలకను నూనె డబ్బాలో పెట్టి చాట్స్‌వర్త్ తెచ్చుకుందట. ఆ పిలక పెద్ద చెట్టయింది. వీధిలో సగం ఇళ్ళకు ఆకు దాని నుంచే వెళ్ళేది. అవ్వ పోయింది, అమ్మ పోయింది, ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు కారు లోపలికి రావాలని చెట్టు కొట్టేశారు. అప్పటికే అక్క రెండు పిలకలు తవ్వి లెనేషియా తీసుకొచ్చింది కాబట్టి సరిపోయింది. మొదటి చలికాలం రెండూ ఆకు రాల్చాయి. కొడుక్కి మనసు ఆగలేదు. జూలైలో ఒక కుండీలో గుప్పెడు ఎరువు గుళికలు వేసి, నిండా నీళ్ళు పోశాడు. రెండో కుండీకి వేసేలోపు సంచి అయిపోయింది. ఆగస్టు చివరికి రెండోది చిగురు వేసింది. మొదటిది వేరుతో సహా కుళ్ళింది. ఇప్పుడు అవ్వ చెట్టు అంటే ఆ ఒక్క కుండీయే.

ఏం జరిగిందో అర్థం చేసుకుంటే మిగతా విషయమంతా తేలిక. ఎరువు అంటే ఉప్పులు. అవి నీళ్ళలో కరిగితే, ఆ నీళ్ళను వేరు పీల్చుకుంటుంది. మట్టి వేడి సుమారు 15 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే కరివేపాకు వేరు పని దాదాపు ఆపేస్తుంది. ఆకు రాలితే పైనుంచి నీళ్ళు లాగే శక్తి కూడా ఉండదు. వేసిన ఉప్పు వేసినట్టే కుండీలో మిగులుతుంది. మట్టిలో ఉప్పు ఎక్కువైతే వేరు నీళ్ళు తాగడానికి బదులు, వేరులోని నీళ్ళే బయటికి పోతాయి. ఆవకాయలో ఉప్పు కలిపిన ముక్కలు నీరు వదిలినట్టు. నేలలో ఉన్న చెట్టుకు వాన ఆ ఉప్పును కిందికి కడిగేస్తుంది, వేరు పక్కకు జరిగి తప్పించుకుంటుంది. కుండీలో పారిపోయే చోటు లేదు.

మన అవ్వల చేతివాటం నేల చేతివాటం అన్న సంగతి మనం మర్చిపోతుంటాం. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరిన దగ్గర నుంచి గిర్మిట్ మీద వచ్చినవాళ్ళలో ఎంతోమంది గడువు తీరాక డర్బన్ చుట్టుపక్కల కూరగాయల తోటలు వేసుకుని బతికారు. పేడ, బూడిద, కోళ్ళ గత్తం ఎంత వేసినా నేల మింగేది. ఆ చెయ్యి పది లీటర్ల కుండీ మీద పడితే మొక్క తట్టుకోలేదు.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఇప్పుడు మన సలహాలు ఎక్కువగా ఫోన్‌లోంచి వస్తున్నాయి. హైదరాబాదు నుంచి వచ్చే వీడియోలో జూన్‌లో వానలు మొదలవగానే ఎరువు వెయ్యమంటారు. వాళ్ళకు అది సరైన మాట. మనకు జూన్ నడి చలికాలం. అమెరికా నుంచి వచ్చేవాళ్ళు కుండీని దక్షిణం కిటికీ దగ్గర పెట్టమంటారు. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి వస్తాడు. చలికాలంలో ఎండ పడేది ఉత్తరం కిటికీలోనే. మన తెలుగు పండుగలు కూడా ఇక్కడ తలకిందులుగా వస్తాయి. అక్కడ ఉగాదికి చిగుళ్ళు, ఇక్కడ ఉగాదికి ఆకు రాలే కాలం. దీన్ని మన లాభానికే వాడుకోవచ్చు: వినాయక చవితికి మొదలు, ఉగాదికి ఆపు. ఇంతకంటే తేలికగా గుర్తుండే లెక్క నాకు దొరకలేదు.

వినాయక చవితి అంటే ఆగస్టు చివర, సెప్టెంబరు. కొమ్మ చివర గోధుమగింజంత చిగురు కనబడేదాకా ఆగండి. తేదీ కంటే చిగురు మాట వినడం మంచిది. అప్పుడు కుండీ మార్చాల్సి ఉంటే మార్చండి, ఒక్క సైజు మాత్రమే పెంచండి. చిన్న మొక్కకు పెద్ద కుండీ ఇస్తే మట్టి ఆరదు. కొత్త మట్టిలో కంపోస్ట్ కలిపితే మొదటి నెలకు అదే చాలు. ఆ తరువాత రెండు వారాలకు ఒకసారి, డబ్బా మీద రాసిన మోతాదులో సగం, ముందుగా నీళ్ళు పోసి తడిపిన మట్టికి. పొడి మట్టికి ఎరువు నీళ్ళు పోస్తే లేత వేర్లు మాడతాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ, వాన, వేడి అన్నీ ఉంటాయి కాబట్టి మొక్క తింటుంది, మనం కోస్తాం. మార్చిలో నెలకొకసారికి దించండి, ఉగాదితో ఆపండి. ఏప్రిల్‌లో చివరిసారి ఆకు కోసి, కడిగి, తుడిచి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే చలికాలంలో మొక్కను ఆకు కోసం వేధించే అవసరం ఉండదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పై మట్టి రెండు అంగుళాలు ఎండాకే కొంచెం నీళ్ళు. హీటర్ పక్కన మాత్రం పెట్టకండి.

ఇక అంగడిలో సంచి మీద రాసి ఉండే అంకెల సంగతి. ఇది చదవడం వచ్చిందంటే సగం తోటపని వచ్చినట్టే. మన దేశంలో 2:3:2 (22) అని రాస్తారు. మొదటి మూడు అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ నిష్పత్తి. బ్రాకెట్‌లోది ఆ మూడూ కలిసి నూటికి ఎంత ఉన్నాయన్నది. 2, 3, 2 కలిపితే 7. 22ను 7 భాగాలు చేసి, రెండు భాగాలు తీసుకుంటే నత్రజని సుమారు 6.3 శాతం, మూడు భాగాలకు భాస్వరం 9.4 శాతం. మిగతాది పొటాష్. అమెరికా డబ్బా మీద 20-20-20 అని ఉంటే అది నిష్పత్తి కాదు, నేరుగా శాతాలు. అంటే నత్రజనిలో మన 2:3:2 (22) కంటే మూడింతలు గట్టిది. పైగా అక్కడ భాస్వరాన్నీ పొటాష్‌నూ ఆక్సైడ్ రూపంలో లెక్కిస్తారు, ఇక్కడ మూలకం రూపంలో. అందుకని అమెరికా వీడియోలో చెప్పిన చెంచాల లెక్క మన సంచికి అతకదు.

మనవాళ్ళు అలవాటుగా అన్నిటికీ 2:3:2 వేస్తారు. కొత్తగా నాటిన మొక్క వేరు పట్టడానికి అని అమ్మే ఎరువు అది. మనకు కావలసింది ఆకు. ఆకుకు నత్రజని కావాలి. భాస్వరం కుండీలో పేరుకుంటే ఇనుము, జింకు అందకుండా అడ్డుపడుతుంది. కరివేపాకుకు 5:1:5 నయం, అది లేకపోతే 3:1:5. నెమ్మదిగా కరిగే రకమైతే వసంతంలో ఒకసారి, లేబుల్ మోతాదులో సగం వేసి వదిలెయ్యవచ్చు. కానీ గుళికల రకం మార్చి దగ్గర వెయ్యకండి. వేసినది చలికాలంలో కూడా కరుగుతూనే ఉంటుంది. మన పశ్చిమ తీరంలో దొరికే ఎక్లోనియా మాక్సిమా అనే సముద్రపు నాచు రసం కూడా అమ్ముతారు. కుండీ మార్చినప్పుడు వేరు పెరగడానికి సాయపడుతుంది. దాన్ని తిండి అనుకోకూడదు, టానిక్ లాంటిది.

మజ్జిగ గురించి అడగనివారు లేరు. పులిసిన మజ్జిగలో నీళ్ళు కలిపి కరివేపాకుకు పోయడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. అందులో కొంచెం నత్రజని, భాస్వరం, కాల్షియం ఉంటాయి. కాస్త పులుపూ ఉంటుంది. ఎండాకాలంలో బయట ఉన్న పెద్ద కుండీకి నెలకొకసారి, ఒక వంతు మజ్జిగకు పది వంతుల నీళ్ళు కలిపి పోస్తే తప్పు లేదు. ఇంట్లో ఉన్న కుండీకి మాత్రం వద్దు. చల్లని మట్టిలో అది అరగదు. వాసన వస్తుంది, చిన్న చిన్న నల్ల ఈగలు పుడతాయి, వాటి పురుగులు లేత వేర్లను తింటాయి. బియ్యం కడిగిన నీళ్ళకూ ఇదే మాట. గుడ్డు పెంకులు కరివేపాకుకు అవసరం లేదు; మన కుళాయి నీళ్ళలో సున్నం గుణం చాలినంత ఉంది.

తిండి తక్కువైందా, ఎక్కువైందా అన్నది ఆకే చెబుతుంది. కొత్త ఆకు పసుపు పచ్చగా వచ్చి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. సాధారణంగా మట్టిలో ఇనుము ఉంటుంది, కుళాయి నీళ్ళ క్షారం వల్ల కరగదు. వాన నీళ్ళు పట్టి పొయ్యండి. తగ్గకపోతే ఇనుము చీలేట్ కొనండి. కొనేటప్పుడు ఈడీడీహెచ్‌ఏ రకం అడగండి, క్షారపు మట్టిలో కూడా పనిచేసేది అదే. కింది పాత ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని తక్కువ. పాత ఆకుల్లోనే ఈనెల మధ్య పసుపు వస్తే మెగ్నీషియం తక్కువ, లీటరు నీళ్ళకు ఒక చెంచా లోపు ఎప్సమ్ సాల్ట్ చాలు. ఆకు కొసలు గోధుమరంగులో ఎండి, మట్టి పైనా కుండీ అంచునా తెల్లటి పొర కడితే తిండి ఎక్కువైంది. అప్పుడు ఎండ ఉన్న రోజు చూసి, కుండీని బయట పెట్టి, కుండీ కొలతకు రెండు మూడింతల మామూలు నీళ్ళు నిదానంగా పోసి కింది రంధ్రంలోంచి పూర్తిగా కారనివ్వండి. చలికాలంలో ఆకు పచ్చబడి రాలడాన్ని మాత్రం ఈ పట్టికలో చేర్చకండి. అది జబ్బు కాదు, నిద్ర. కొమ్మను గోటితో కొంచెం గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది.

తులసికి కూడా చలి పడదు. కంకులు ముదరకముందే తుంచుతూ, వేసవిలో సగం మోతాదు ఇస్తే చాలు. తమలపాకు తీగది వేరే దారి. దానికి నీడ ఇష్టం, స్నానాల గది కిటికీలో తేమకు హాయిగా పెరుగుతుంది. గది ఏడాది పొడుగునా వెచ్చగా ఉంటే చలికాలంలో కూడా నెల తప్పించి నెల పలచగా ఎరువు ఇవ్వవచ్చు. పెళ్ళికి తమలపాకులు డర్బన్ నుంచి తెప్పించుకునేవాళ్ళు ఈ తీగ ఒకటి పెంచి చూడండి.

చివరగా, కొత్త మొక్క. అక్క కుండీ లాంటిది ఒక్కటే మిగిలిన ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. ఆ ఒక్కటే నమ్ముకోకండి. తల్లి వేరు నుంచి లేచిన పిలకను సెప్టెంబరులో, సొంత వేరు చూసుకుని వేరు చేయండి. డర్బన్ చెట్లకు కాయలు వేసవిలో పండుతాయి. నల్లగా మెత్తబడినవి తెచ్చుకుని, గుజ్జు తీసి, వారం రోజుల్లో నాటండి. ఆరబెట్టి దాచిన గింజ మొలవదు. మొలక వచ్చాక మొదటి తిండి గింజలోనే ఉంటుంది. నాలుగైదు నిజమైన ఆకులు విప్పేదాకా, అంటే సుమారు ఆరు వారాలు, నీళ్ళు తప్ప ఏమీ వద్దు. ఆ తరువాత లేబుల్ మోతాదులో నాలుగో వంతు, మూడు వారాలకు ఒకసారి. పూమొగ్గ కనబడితే గిల్లెయ్యండి. జానెడు ఎత్తు వచ్చాక కొస తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. మొదటి చలికాలం దాన్ని తప్పకుండా ఇంట్లోకి తెచ్చి, ఉత్తరం కిటికీ దగ్గర పెట్టి, ఎరువు సంచిని గరాజ్‌లో దాచెయ్యండి.

అక్క పోయిన సెప్టెంబరులో రెండు పిలకలు వేరు చేసింది. ఒకటి కొడుకు ఇంటికి వెళ్ళింది, రెండోది బెనోనిలో ఉన్న చెల్లెలి ఇంటికి.