చదువుకూ తోడు కావాలి

దోహాలో ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్య కోర్సుల్లో చేరిన మనవాళ్ళు చాలామందే ఉన్నారు. అకౌంట్స్ పని చూస్తూ ఎం.కాం. కట్టినవారు, సైటుమీద సూపర్‌వైజరుగా ఉంటూ సేఫ్టీ డిప్లొమాలో చేరినవారు, పెళ్ళితో ఆగిన డిగ్రీని మళ్ళీ అందుకున్న గృహిణులు. ఫీజు అందరికీ చెమటోడ్చిన డబ్బే. అయినా మొదలుపెట్టినవారిలో ఎందరు చివరిదాకా వస్తున్నారు? పాఠం కొరుకుడుపడక మానేసినవారికంటే, సందేహం చెప్పుకునే మనిషి లేక మానేసినవారే ఎక్కువని నాకు తోస్తున్నది.

ఈ సంగతిని మన హైదరాబాదులో ఏనాడో గుర్తించారు. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. దేశంలో అటువంటిది అదే మొదటిది. 1991 నుండి అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. తొలి ఉపకులపతి ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారి హయాంలో పాఠాలు అచ్చువేసి చేతికిచ్చి ఊరుకోలేదు. కాలేజీల్లో అధ్యయన కేంద్రాలు పెట్టి, సెలవురోజుల్లో తరగతులు జరిపించారు. అక్కడికి వచ్చిన గుమాస్తాకు అధ్యాపకుడే కాదు, తనలాంటి మరో గుమాస్తా కూడా దొరికాడు.

ఇప్పుడు కోర్సు సెల్‌ఫోనులోకి వచ్చేసింది. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు కృత్రిమ మేధ పాఠాన్ని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెడితే సుమారు 1,60,000 మంది చేరారు. పూర్తిచేసినవారు 23,000 మంది. 2017లో భారత ప్రభుత్వం ప్రారంభించిన 'స్వయం' కోర్సులకు నాలుగు అంగాలు ఏర్పరచారు. వీడియో పాఠం, చదువుకునే పాఠం, స్వీయపరీక్ష, నాలుగవది చర్చ. అంటే చర్చకు పీట వేశారు. కాని పీట వేసినంతమాత్రాన బంతి సాగదు గదా!

చాలామంది వచ్చి చూసి వెళ్ళిపోతారు. మౌనంగా చదివేవారు ఏమీ నేర్వడంలేదని కాదు. ఇంగ్లీషు తప్పుతుందేమోనన్న బెరుకుతో ఆగేవారూ ఉన్నారు. ఇద్దరికి జవాబు రాస్తేనే మార్కులంటే, 'చక్కగా రాశారు, ఏకీభవిస్తున్నాను' అన్న వాక్యమే వందసార్లు కనిపిస్తుంది. నాడి పట్టకుండా చార్టు నింపడంలాంటిదే అది.

తప్పు విద్యార్థిదే అనలేము. ప్రశ్న ఎలాంటిదన్నదీ చూడాలి. 'మధుమేహానికి కారణాలు రాయండి' అంటే అందరూ ఒకే పేజీ ఎత్తిరాస్తారు. 'జూలై ఎండలో బయట పనిచేసే కూలీ ఇన్సులిన్ తీసుకోవాలి, గదిలో ఆరుగురికీ ఒకటే ఫ్రిజ్, మీరైతే ఏం సలహా ఇస్తారు?' అంటే ఎవరి అనుభవం వారిది, వాదన పుడుతుంది. మెడికల్ కాలేజీలో ఒకే మంచం చుట్టూ నిలబడి, ఒకరు కేసు చెబుతుంటే మిగిలినవారం ప్రశ్నలు వేసేవాళ్ళం. పుస్తకంలో చదివింది మరచిపోయినా, స్నేహితుల ముందు తడబడిన జవాబు మాత్రం మరపురాదు.

కెనడాకు చెందిన గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే ముగ్గురు 2000లో ఈ విషయాన్నే సూత్రీకరించారు. ఇటువంటి చదువులో మూడు ఉండాలన్నారు: ఆలోచన, గురువు అజమాయిషీ, తోటివారు నిజమైన మనుషులే అన్న స్పృహ. మనకు కరువైనది ఈ మూడవదే. పైగా హైదరాబాదులో సాయంత్రం 7 గంటల క్లాసు ఇక్కడ 4.30కే. అప్పటికి చాలామంది డ్యూటీలోనే ఉంటారు.

అందుచేత సభ్యులకొక మనవి. ముషైరిబ్ స్టేషనులో మెట్రో మూడు లైన్లూ కలుస్తాయి, ఎటునుంచి రావడానికైనా సులువు. ఒకే రకం కోర్సు చదివేవారు నలుగురైదుగురు శుక్రవారం సాయంత్రం ఈ పేటలో ఒక గంట కూర్చోండి. ప్రతివారూ ఒక సందేహం పట్టుకురావాలి. మాట్లాడేది తెలుగులోనే కానివ్వండి. రానివారికి ఆ రాత్రే ఒకరు ఫోను చేయాలి. 'ఏమైంది, రాలేదేం?' అని అడిగేవారుంటే, వచ్చే వారం పుస్తకం మూసేసే మనిషి మూయడు. మీ పేరు, కోర్సు కార్యదర్శిగారికి తెలియజేయండి. జత కుదిర్చే బాధ్యత నాది.