మనోగాయమునకు దూరచికిత్స: ఇల్లాండ్రు తెలిసికొనవలసిన సంగతులు

హైదరాబాదునుండి పటాన్‌చెరువు మీదుగా సంగారెడ్డికి పోవు రాజమార్గముమీద కంది గ్రామమున్నది. 2008లో స్థాపింపబడి, మొదట ఎద్దుమైలారములోని ఆయుధ కర్మాగారపు ఆవరణలో నడచిన హైదరాబాదు ఐ.ఐ.టి. తరువాత ఇచ్చటికి వచ్చి స్థిరపడినది. ఒక వంక పండితులుండు విద్యాలయము. మరియొక వంక, కొలది మైళ్ల దూరమున, పాశమైలారము, పటాన్‌చెరువుల పొగగొట్టములు. ఈ నడుమనున్న ఊళ్లలో భర్తకో కుమారునికో అన్నపుడబ్బా కట్టి షిఫ్టుపనికి పంపు స్త్రీలెందరో కలరు. పోయినవారు వేళకు మరలివచ్చుటయే వారు నిత్యము కోరుకొను వరము.

2025వ సంవత్సరము జూన్ 30వ తేదీ ఉదయమున పాశమైలారములోని సిగాచి కర్మాగారమున గొప్ప ప్రేలుడు సంభవించి 40 మందికి పైగా మరణించిరి. మృతులలో పొట్టకూటికై అన్యరాష్ట్రములనుండి వచ్చినవారు పెక్కుమంది. కొందరి దేహములను డి.ఎన్.ఏ. పరీక్షచేత గాని గుర్తింప వీలులేకపోయెను. ఇట్టి దుర్ఘటనల పిమ్మట పత్రికలు మృతుల సంఖ్యను, పరిహారపు మొత్తమును ప్రకటించును. మిగిలినవారి మనస్సులలో నేమి జరుగుచున్నదో ఏ పట్టికయందును చేరదు. కుక్కరు ఈల వేసినంతనే ఉలికిపడు తల్లియు, పొగవాసన తగిలినంతనే కాళ్లు వణకు పనివాడును, రాత్రి దీపమార్పనీయని పిల్లయు దేహమున గాయములేనివారే. కాని క్షేమముగా నున్నవారు కారు.

ప్రమాదములే యేల? రోడ్డుమీద కన్నులయెదుట జరిగిన చావు, ప్రాణముమీదికి వచ్చిన కాన్పు, బాల్యమున ఎవరికిని చెప్పుకొనలేకపోయిన అవమానము, కట్టుకొన్నవాని దెబ్బలు – ఇవన్నియు మనస్సులో అట్లే గడ్డకట్టియుండవచ్చును.

మన పెద్దలు దీనిని దడుపు అనిరి. దిష్టి తీసిరి, విబూది పెట్టిరి, తాయెత్తు కట్టిరి. కాలమే మరపించునని యోదార్చిరి. అనేకుల విషయమున కాలము నిజముగానే మాన్పును. కాని నెల గడచినను ఆ సంఘటన ఇప్పుడే జరుగుచున్నట్లు కన్నులయెదుట నిలుచుట, పీడకలలు, దానిని జ్ఞప్తికి తెచ్చు చోట్లనుండి తొలగిపోవుట, ఎల్లవేళల బెదురు, ‘తప్పు నాదే’ యను తలపు – ఇవి విడువకున్నయెడల వైద్యులు దానిని పి.టి.ఎస్.డి. యను వ్యాధిగా నెంచెదరు. అది మనోదౌర్బల్యము కాదు, చికిత్స గల వ్యాధి.

చికిత్స యెట్టిది?

ఈ వ్యాధికి వాడబడు చికిత్సలలో ఇ.ఎం.డి.ఆర్. అనునది యొకటి. కన్నులను అటునిటు కదలించుచు చేయునది గనుక మనము దీనిని నేత్రచలన చికిత్స యనవచ్చును. 1987లో అమెరికాలో ఫ్రాన్సిన్ షపీరో అను విదుషీమణి ఉద్యానవనమున నడచుచుండగా, తన కన్నులు అప్రయత్నముగా అటునిటు కదలినపుడు మనస్సును వేధించు తలపుల తీక్ష్ణత తగ్గుట గమనించెను. ఆమె దానిని పరీక్షించి 1989లో శాస్త్రపత్రికయందు ప్రకటించెను. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పి.టి.ఎస్.డి.కి సూచించిన చికిత్సలలో ఇదియు చేరినది.

ఇందు ఎనిమిది ఘట్టములు గలవు. మొదట చికిత్సకుడు రోగి చరిత్ర వినును. పిమ్మట మనస్సును నెమ్మదిపరచుకొను ఉపాయములు నేర్పును. తరువాతనే బాధించు దృశ్యమును, దానితోకూడ తనను గూర్చి తాను నమ్ముచున్న మాటను రోగిచేత ఎన్నించును. ‘ఇప్పుడు బాధ 0 నుండి 10 లోపల ఎంత?’ అని యడుగును. రోగి ఆ దృశ్యమును తలచుకొనుచు, చికిత్సకుని వ్రేలిని కన్నులతో అనుసరింపవలెను. కొంతసేపు కదలిక, పిమ్మట విరామము, ‘ఇప్పుడేమి తోచినది?’ అని ప్రశ్న. బాధ అడుగంటిన తరువాత, ‘నా శక్తికొలది చేసితిని’ వంటి మేలైన నమ్మకమును స్థిరపరచి, దేహమున ఎచ్చటనైన బిగువు మిగిలినదేమో చూచి, రోగిని నెమ్మదిపరచి పంపును. మరుసటి పర్యాయమున ఫలమును మరల పరీక్షించును. జరిగినదంతయు వివరముగా చెప్పి తీరవలెనను నిర్బంధము ఇందు లేదు. నోరు విప్పుటకు సిగ్గుపడు స్త్రీకి ఇది కొంత ఊరట.

కన్నులు కదలించుటవలన మనస్సేల కుదుటబడునని పాఠకురాండ్రు ప్రశ్నింపవచ్చును. పొయ్యిమీది పాలు పొంగకుండ కనిపెట్టుచు పద్దు వ్రాయబోయినచో రెండిటియందును ధ్యాస పలుచబడును గదా! అట్లే, జ్ఞాపకమును కదలికను ఒకేసారి పట్టుకొనలేక మనస్సు ఆ దృశ్యపు వన్నెను తగ్గించునని కొందరు శాస్త్రజ్ఞుల యభిప్రాయము. నేత్రచలనముకంటె, భయమును చికిత్సకుని సన్నిధిని నెమ్మదిగా ఎదుర్కొనుటయే ముఖ్యమని మరికొందరి వాదము. ఏదియైనను ఇది మంత్రము కాదు. గాయమును లక్ష్యముగా నుంచుకొని ఆలోచనలను చక్కదిద్దు మాటల చికిత్సను గూడ ఆ సంస్థయే సూచించినది. కావున నేత్రచలనము తెలిసినవారు దొరకలేదని నిరాశపడనక్కరలేదు.

తెరమీది చికిత్సకుడు

ఈ విద్య నేర్చినవారు మహానగరములలోనే హెచ్చుగా నుందురు. కందినుండి నగరమునకు పోయివచ్చుటకు ఒక దినపు పని చెడును. మరియు లోకుల నోరొకటి గలదు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయము మేలైన యుద్దేశముతో వెలసినదే. కాని మనవారు ఆ యూరి పేరునే తిట్టుగా మార్చివేసిరి. ‘ఫలానా వారి కోడలు ఎర్రగడ్డకు పోయినదట’ అను మాటకు వెరచి ఏండ్ల తరబడి బాధపడువారు లేకపోలేదు. ఇట్టి వారికి సెల్‌ఫోను తెర ఒక క్రొత్త ద్వారమైనది. 2020లో కరోనా వ్యాధి ప్రబలినపుడు చికిత్సకులు పెక్కుమంది వీడియోద్వారా పనిచేయ నారంభించి, పిమ్మటను మానలేదు.

తెరమీద వ్రేలికి బదులు ఒక చుక్క అటునిటు నడచును. లేదా రోగియే చేతులను రొమ్ముమీద అడ్డముగా నుంచుకొని కుడియెడమల మార్చి మార్చి మెల్లగా తట్టుకొనును. దీనికి సీతాకోకచిలుక కౌగిలి యని పేరు. 1997లో మెక్సికో దేశపు అకపుల్కో పట్టణమును పౌలీన్ తుపాను ధ్వంసము చేసిన పిమ్మట, అచ్చటి బాధితులకై లుసీనా ఆర్టిగాస్ అను స్త్రీ దీనిని కల్పించెను. అయితే ఉచితముగా దొరకు కదలుచుక్కల వీడియోలను చూచి, ఒంటరిగా కూర్చుండి ఘోరమైన జ్ఞాపకములను తవ్వుకొనరాదు. బావిలోనికి దిగువానికి పైన త్రాడు పట్టువాడు కావలెను.

ఎవరిని నమ్మవలెను?

‘థెరపిస్టు’ అని పలకమీద వ్రాసికొన్నంతమాత్రమున నమ్మరాదు. మొదటి సంభాషణమునందే కొన్ని ప్రశ్నలు మర్యాదగా, సంకోచములేక, అడుగవలెను.

మీ మూలవిద్య యేమి? మానసికవైద్యుడైనచో వైద్యుడుగా నమోదైన సంఖ్య యుండును. 2020 మార్చి 25వ తేదీన ప్రకటింపబడిన దూరవైద్యపు నిబంధనలనుబట్టి ఆ సంఖ్యను చీటిమీద చూపవలెను. క్లినికల్ సైకాలజిస్టు అయినచో భారత పునరావాస మండలి పట్టికలో పేరుండవలెను. ఈ సంఖ్యలడుగుట అవమానము కాదు. కూరగాయలను గిల్లి చూచి కొను మనము మనస్సునప్పగించునపుడు అడుగకూడదా?

నేత్రచలన చికిత్సయందు ఎచ్చట శిక్షణ పొందిరి? ఎన్ని గంటలు? ఎవరి పర్యవేక్షణలో? ఇ.ఎం.డి.ఆర్. అంతర్జాతీయ సంఘము ప్రాథమిక శిక్షణకు 20 గంటల బోధన, 20 గంటల అభ్యాసము, 10 గంటల సంప్రదింపు విధించినది. ఒక ఆదివారపు ఉపన్యాసము శిక్షణ కాజాలదు. మన దేశమునను ఈ చికిత్సకుల సంఘము గలదు. ఆ సంఘమువారివలన శిక్షితుల పేర్లు విచారింపవచ్చును.

నా భాష మీకు వచ్చునా? ఇది చిన్న సంగతి కాదు. ‘గుండె జారినది’, ‘కడుపులో దేవినట్లున్నది’ అని తెలుగున చెప్పుకొను బాధను ఆంగ్లములోనికి మార్చి చెప్పునప్పటికి సగము ఆరిపోవును. పాశమైలారమున పనిచేయు బీహారీ, ఒడియా కుటుంబములకును ఇదే న్యాయము.

ఫోను నడుమ తెగినయెడల ఏమి చేయుదురు? మంచి చికిత్సకుడు ముందే మీ చిరునామాను, సమీపమున నున్న ఆప్తుల ఫోను సంఖ్యను అడిగి యుంచుకొనును. మీ యనుమతిలేక దేనిని రికార్డు చేయడు. రహస్యము కాపాడబడు హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగికిచ్చినది.

మొదటి దినముననే చరిత్ర వినక కన్నులు కదలింపుమనువానిని, ఒక్క కూర్చుండుటతో నయము చేసెదనని ప్రమాణము చేయువానిని, ముందుగానే పెద్ద మొత్తము కట్టుమనువానిని విడువవలెను. మొదట మాటలాడి చూచి, మనస్సునకు నచ్చనిచో వేరొకరిని వెదకుకొనుట తప్పు కాదు.

కొందరికి దూరచికిత్స మొదటి మార్గము కాదు. మూర్ఛలు గలవారు, కంటి జబ్బు గలవారు, గర్భవతులు ముందుగా వైద్యుని సంప్రదింపవలెను. తాను ఉన్నచోటు, కాలము తెలియకుండ మైమరచిపోవువారికిని, చనిపోవలెనను తలపు గలవారికిని ఎదుట కూర్చుండి చూచు వైద్యుడే అవసరము. ఇంటిలో ఇప్పటికిని దెబ్బలు తినుచున్న స్త్రీకి మొదట రక్షణ, పిమ్మట చికిత్స. అట్టివారు 181కు ఫోను చేయవచ్చును. ఎచ్చట నారంభింపవలెనో తోచనివారికి 2022 అక్టోబరు 10వ తేదీన ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ గలదు. 14416 అను సంఖ్యకు పగలైన రాత్రియైన ఉచితముగా ఫోను చేసి తెలుగున మాటలాడవచ్చును.

ఒక గంట, ఒక తలుపు

ఇంతయు కుదిరినను, చికిత్స నిలుచుటయో చెడుటయో ఇంటిలోనే తేలును. ఈ చికిత్సకు ఒక్కొక్క పర్యాయము 60 నుండి 90 నిమిషముల వరకు పట్టును. ఒకే అద్దెగదిలో అత్తగారు, పిల్లలు, రాత్రిపని చేసి నిద్రించు భర్త ఉండగా ఒక స్త్రీ తన లోతైన దుఃఖమును ఎట్లు విప్పగలదు? గోడకవతల వినువారున్నారని తెలిసినపుడు నోటికి వచ్చునది అసలు మాట కాదు. పనిచేయునది తెర కాదు, తలుపు.

కావున ముందుగానే ఏర్పాటు చేసికొనవలెను. పిల్లలు బడికి పోయిన వేళనో, భర్త పగటి షిఫ్టుకు పోయిన వేళనో నిశ్చయించుకొనవలెను. సొంతగది లేనివారు నమ్మకమైన పొరుగింటిలోనో, అక్కచెల్లెండ్ర యింటిలోనో ఆ గంటను అడిగి పుచ్చుకొనవచ్చును. ఫోనును చేత పట్టుకొనక, డబ్బాకు ఆనించి, కన్నుల యెత్తున నిలుపవలెను. చెవులలో ఇయర్‌ఫోనులు, ప్రక్కన మంచినీళ్లు ఉండవలెను. ముగిసినవెంటనే పొయ్యికడకు పోరాదు; కొంతసేపు ఊరక కూర్చుండవలెను. ఆ రాత్రి కలలు హెచ్చుగా రావచ్చును, ఏడుపు రావచ్చును. వాటిని వ్రాసి యుంచుకొని మరుసటి పర్యాయము చెప్పవలెను. బాధ భరింపరానిదైనచో అంతవరకాగక చికిత్సకునికి తెలుపవలెను.

అత్తలకును భర్తలకును మా విన్నప మొక్కటి. జ్వరము వచ్చిన కోడలిని డాక్టరుకడకు తీసికొనిపోవుదురు. కాలు విరిగినచో ఆరు వారములు పని చెప్పరు. మనస్సు విరిగినవారికి వారమునకొక గంట తలుపు మూసికొను స్వాతంత్ర్య మిచ్చుట అంతకంటె కష్టమా? ‘లోపల ఏమి చెప్పితివి?’ అని యడుగకుండుటయు, వచ్చినపుడు ఒక గ్లాసెడు చాయ అందించుటయు చికిత్సలో భాగములే. ఆమె లోపలనుండగా పిల్లలు తలుపు తట్టకుండ వాకిట కూర్చుండు అత్తగారు, తాను చేసినది వైద్యులకు తీసిపోని సహాయమని యెరుగవలెను.