ఈతకొలనులో ఘాటైన వాసన

వేసవి సెలవులు రాగానే భాగ్యనగర వాసులలో అనేకులు నాగపూరు రహదారిమీద మేడ్చల్ వైపో, కరీంనగర్ రహదారిమీద షామీర్‌పేట వైపో బయలుదేరుదురు. అక్కడ దినబాడుగకు దొరకు తోట బంగళాలు, విడిది గృహములు వెలసినవి. వానిలో ఈతకొలను లేనిదానికి పిల్లలు ఒప్పుకొనరు.

కొలను సమీపింపగానే ఘాటైన వాసన ముక్కుకు సోకును. మందు బాగుగ కలిపినారు, నీరు శుభ్రమేయని పెద్దలు ధైర్యపడుదురు. నిజము ఇందుకు విరుద్ధము. సక్రమముగా శుద్ధిచేసిన కొలనులో క్లోరిన్‌కు అంత ఘాటు ఉండదు. చెమట, మూత్రము, ఒంటి మురికి నీట కలిసినప్పుడు క్లోరిన్ వానితో కూడి క్లోరమీనులుగా మారును. కండ్లు మండించునవి, దగ్గు తెప్పించునవి ఇవియే. ఇట్లు ఖర్చయిన క్లోరిన్‌కు క్రిములను చంపు శక్తి చాలవరకు నశించును. స్నానము చేయక నీట దుముకు ప్రతివాడును ఆ ఖర్చులో భాగస్వామియే!

పదిలక్షల పాళ్ళ నీటికి కనీసము ఒక పాలు క్లోరిన్ ఖర్చుగాక మిగిలియుండవలెను. నీటి పి.హెచ్. 7కును 7.8కును నడుమ ఉండవలెను. అప్పుడు ఇ.కోలై క్రిమి ఒక్క నిమిషములోపల చచ్చును. కామెర్లు తెచ్చు హెపటైటిస్-ఎ వైరసుకు సుమారు 16 నిమిషములు, జియార్డియాకు 45 నిమిషములు పట్టును. నీళ్ళవిరేచనములు కలిగించు క్రిప్టోస్పోరిడియం మాత్రము వారము దాటినను బ్రతికియుండగలదు. షామీర్‌పేట చెంతనే, జీనోమ్ వ్యాలీలో, ఎన్నో రోగములకు టీకాలు తయారగుచున్నవి; దీనికి ఇంకను టీకా లేదు. కావున విరేచనములగుచున్న బిడ్డను, ఎంత మారాము చేసినను, నీట దింపరాదు. క్రిప్టోస్పోరిడియం అని వైద్యుడు తేల్చినచో విరేచనములు కట్టిన పిమ్మట రెండు వారములు ఆగవలెను.

వెచ్చని నీటిలో, క్లోరిన్ చాలనిచోట, నేగ్లేరియా అను అమీబా పెరుగును. ఇది త్రాగుటవలన గాక ముక్కుద్వారా మెదడు చేరును. మిక్కిలి అరుదు, సోకినచో బ్రతుకుట దుర్లభము. 2024లో కేరళలో పిల్లలు దీనివలన మరణించిరి.

మన ఎండ సంగతి వేరే చెప్పనేల! స్థిరపరచు మందు కలపని ఆరుబయటి కొలనులో ఉదయము వేసిన క్లోరిన్ మధ్యాహ్నమునకే చాలవరకు హరించును. కావున దిగుటకు ముందు కొలను అడుగు స్పష్టముగా కనబడుచున్నదా చూడుడు. క్లోరిన్ ఎంతయున్నదో రంగునుబట్టి తెల్పు పరీక్షచీటీని ముంచి చూపుమని కావలివానిని అడుగుడు. అతనివద్ద లేకున్నచో మనమే ఒక డబ్బా సంచిలో వేసికొని పోవచ్చును. బంగళా బాడుగ ముందు దాని వెల లెక్కలోనిది కాదు.