బ్యాటరీ స్ప్రేయరు చార్జింగు రంధ్రము, దాని మూత: ఇంటివద్ద బాగుచేసికొను విధము

వీపున తగిలించుకొని మందు చల్లు బ్యాటరీ స్ప్రేయర్లు నేడు పల్లెలలో చేతిపంపుల స్థానమును చాలవరకు ఆక్రమించినవి. వీనిలో పెక్కింటికి 16 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల సీసపు బ్యాటరీ ఉండును. ఎకరమునకు 200 లీటర్ల మందునీరు చల్లవలెనన్న పన్నెండు, పదమూడు ట్యాంకులు కావలెను.

నడుమ బ్యాటరీ నీరసించినచో నష్టము రెండు విధములు. మొదటిది, ఒత్తిడి తగ్గి నాజిలునుండి వచ్చు మందు తగ్గును. మన నడక మాత్రము మారదు. కావున చేనిలో ఒకచోట మందు ఎక్కువగను, వేరొకచోట తక్కువగను పడును. రెండవది, అదను తప్పును. పెండిమిథాలిన్ వంటి కలుపుమందును విత్తిన 24–48 గంటలలోగా, నేలలో తడి ఉండగనే చల్లవలెను. కలుపు మొలచిన పిదప చల్లిన ప్రయోజనముండదు.

అందుచేత క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు చార్జింగు రంధ్రమును పరిశీలింపుడు.

మూత పోయిన ఏమగును?

ఈ రంధ్రమునకు చిన్న రబ్బరు మూత ఉండును. ఎండకును, పలుమారు లాగుటకును దాని మెడ తెగును. మూత లేకున్నను యంత్రము నడచును గనుక మనము పట్టించుకొనము. ట్యాంకునుండి ఒలికిన మందునీరు జారి రంధ్రములో చేరును. 19:19:19, పొటాషియం నైట్రేటు వంటి ఎరువులు కలిపిన నీటిగుండా విద్యుత్తు సులభముగా ప్రవహించును. అనేక యంత్రములలో స్విచ్చి ఆపినను ఈ రంధ్రము బ్యాటరీతో కలిసియే యుండును. కావున తడియున్నంతవరకు లోపలి లోహము కొద్దికొద్దిగా తినివేయబడి, పచ్చని చిలుము పట్టును. చిలుము విద్యుత్తును అడ్డగించును. రాత్రియంతయు చార్జరు తగిలించినను బ్యాటరీ నిండదు. సగము చార్జితో పడియున్న సీసపు బ్యాటరీ పలకలపై గట్టి పొర ఏర్పడి, తుదకు బ్యాటరీయే చెడిపోవును.

లోపమును కనుగొనుట

ప్లగ్గు కదిపినపుడు చార్జరు దీపము మారి మారి వెలుగుచున్నచో రంధ్రము వదులైనదని గ్రహింపుడు. మల్టీమీటరుతో బ్యాటరీ కొనలవద్ద వోల్టేజి చూచి, చార్జరు తగిలించి మరల చూడుడు. అంకె పెరిగినచో విద్యుత్తు అందుచున్నది. పెరుగకున్నచో చార్జరునందో, ఫ్యూజునందో, రంధ్రమునందో లోపము కలదు. అట్టిదే యంత్రము పొరుగువారికి ఉన్నచో వారి చార్జరుతో పరీక్షించిన నిజము తేలును.

బాగుచేయు విధము

1. చేతితొడుగులు ధరించి, ఆరుబయట యంత్రమును తుడిచి బాగుగా ఆరనిండు. చార్జరు తగిలియుండరాదు. అడుగుమూత విప్పి, బ్యాటరీ ఎర్రతీగను ఊడదీసి కొనకు టేపు చుట్టుడు.

2. పాత పళ్ళబ్రష్షుతోను, సన్నగా చుట్టిన గరుకు కాగితముతోను చిలుమును రుద్ది దులుపుడు. నీరు పోయరాదు.

3. లోహము విరిగినను, బాగుగా అరిగినను సాకెట్టునే మార్చుట మేలు. ఏ తీగ ఎచ్చట ఉన్నదో ముందుగా కాగితముపై గీసికొనుడు. తీగలు తారుమారైన చార్జరు కాలిపోవచ్చును. టంకము వేసిన అతుకులు ఒకదానికొకటి తగులకుండ టేపు చుట్టుడు.

4. మూతకు బదులు పాత సైకిలు ట్యూబునుండి ఒక పట్టీ కత్తిరింపుడు. రంధ్రమునకు పైననున్న స్క్రూ క్రింద దాని కొనను బిగించి, రంధ్రము పూర్తిగా కప్పబడునట్లు వ్రేలాడదీయుడు. ఇంటి చూరువలె అది నీటిని క్రిందికి జార్చును. క్రొత్త స్క్రూకై రంధ్రము తొలిచిన ట్యాంకుకే చిల్లు పడవచ్చును. రబ్బరుకు గ్రీజు పూయరాదు; అది ఉబ్బి మెత్తబడును.

జాగ్రత్తలు

ఫ్యూజు పోయినచో అంతే ఆంపియర్లది వేయవలెను, రాగితీగ చుట్టరాదు. సీసపు బ్యాటరీలో గంధకామ్లము ఉండును, చార్జి చేయునపుడు మండు వాయువు వెలువడవచ్చును. కావున దానిని విప్పరాదు, గాలి ఆడుచోట, పొయ్యికిని పిల్లలకును దూరముగా చార్జి చేయవలెను. లిథియం బ్యాటరీకి సీసపు బ్యాటరీ చార్జరు తగిలించరాదు. చార్జరు లోపల 230 వోల్టుల విద్యుత్తు ఉండును; దానిని విప్పక మెకానిక్కునకు అప్పగింపుడు. పని ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

మందు చల్లని నెలలలో సైతము నెలకొకసారి బ్యాటరీని నిండుగా చార్జి చేయుడు. విత్తుటకు వారము ముందే చార్జింగు రంధ్రమును ఒకసారి చూచుకొన్నచో, అదను వచ్చిననాడు పంపు మీ చేతికి సిద్ధముగా ఉండును.