ఊరి మట్టి – విద్యార్థి పరిశోధన

పరిశోధన యనగానే మహానగరములలోని విశ్వవిద్యాలయములే మనకు స్ఫురించును. పల్లెబిడ్డలకు అది అందని మ్రానిపండని తలచుట కద్దు. ఈ విషయమున అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలల అనుభవము గ్రామ పెద్దలు తెలిసికొనదగినది.

ఇవి స్థానికుల కొరకు వెలసిన రెండేండ్ల కళాశాలలు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రములోని జోలియట్ పట్టణమున ఆరుగురు విద్యార్థులతో ఇట్టి కళాశాల యొకటి ఆరంభమైనది. వీనిలో చేరువారిలో పలువురు పనిచేసికొనుచు చదువుకొనువారే.

వీరికి ఆటంకము తెలివి కొరత కాదు. సెలవులలో సంపాదన మానినచో ఇల్లు గడవకపోవుటయే. 1987లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అను అచటి ప్రభుత్వసంస్థ ప్రారంభించిన పథకము క్రింద ఎన్నికైన విద్యార్థులు వేసవిలో సుమారు పది వారములు శాస్త్రజ్ఞుల వద్ద పనిచేయుదురు. అందులకు భృతి లభించును. పరిశోధనావకాశములు తక్కువగా గల కళాశాలలవారికి తావీయవలెననుట ఈ పథకపు నియమములలో నొకటి.

ఇల్లు విడువలేనివారికి తరగతిలోనే పరిశోధన గలదు. 2018లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆరంభమైన ‘టైనీ ఎర్త్’ కార్యక్రమమున విద్యార్థులు తమ ప్రాంతపు మట్టిని తెచ్చి, అందలి సూక్ష్మజీవులను పెంచి, రోగక్రిములను అణచగల వానికై వెదకుదురు. ఇది వ్యర్థప్రయాస కాదు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి సారథ్యమున లెడర్లీ ప్రయోగశాలలో రూపొంది, 1948లో లోకమునకు వెల్లడియైన ఆరియోమైసిన్ ఔషధము మట్టిలోని సూక్ష్మజీవి నుండి లభించినదే.

కావున సమీప డిగ్రీ కళాశాల విద్యార్థులు మట్టి, నీటి నమూనాలకై మీ గ్రామమునకు వచ్చినపుడు చేను, చెరువు, బావి దగ్గరుండి చూపుడు. ఫలితములను పంచాయతీ సమావేశమున వినిపింపుమని వారిని కోరుడు. ఆ పరీక్ష వారికి విద్య, మీకు విజ్ఞానము కాగలదని మా మనవి.