ఒళ్లు నొప్పులు, గుండె దడ.. రిపోర్టులన్నీ నార్మల్! శరీరం ఏం చెబుతోంది? శ్వాస, కదలికలతో ఊరట ఎలాగంటే..

నకరికల్లు (పల్నాడు): అద్దంకి-నార్కట్‌పల్లి రహదారి మీదున్న మండల కేంద్రం నకరికల్లు. చుట్టూ మిర్చి, పత్తి, వరి పొలాలు. సాగర్ కుడి కాలువ నీళ్లు, వాన, గుంటూరు యార్డులో పలికే ధర.. ఈ మూడింటి మీదే ఇక్కడి బతుకులు ఆధారపడి ఉంటాయి. ఇలాంటి పల్లెల్లో ‘మనసు బాగోలేదు’ అని ఆస్పత్రికి వెళ్లేవాళ్లు అరుదు. నడుం పట్టేసిందనో, గుండె దడగా ఉందనో, కడుపులో దేవినట్టుందనో, నిద్ర పట్టట్లేదనో వెళ్తారు. పరీక్షలు చేయిస్తే ఒక్కోసారి అన్నీ మామూలుగానే వస్తాయి. ‘నీకేం లేదు, అంతా టెన్షనే’ అన్న మాట విని ఇంటికి తిరిగొస్తారు. నొప్పి మాత్రం తగ్గదు.

రిపోర్టులో కనిపించనంత మాత్రాన ఆ నొప్పి అబద్ధమైపోదు. దిగులు, భయం, అప్పుల ఒత్తిడి ఒంట్లో ఎలా తిష్ఠ వేస్తాయి? శ్వాస, కదలిక, శరీరాన్ని గమనించే పద్ధతులతో వాటిని ఎంతవరకు తగ్గించుకోవచ్చు? ఎక్కడ ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? పూర్తి వివరాలు ఇవీ..

మన మాటల్లోనే ఉంది

గుండె బరువెక్కింది, కడుపు తరుక్కుపోయింది, కాళ్లూ చేతులూ ఆడలేదు, ఒళ్లు జలదరించింది, ఊపిరి పీల్చుకున్నాం.. తెలుగులో ఏ బాధ చెప్పినా, ఏ ఊరట చెప్పినా ముందు శరీరమే మాట్లాడుతుంది. మనసు వేరు, ఒళ్లు వేరు అని మన భాష ఎప్పుడూ గట్టిగా గీత గీయలేదు.

మిర్చి కోతల రోజులనే తీసుకోండి. పొద్దున్నే ట్రాక్టర్ ఎక్కి వెళ్లిన కూలీ మహిళ సాయంత్రం దాకా నడుం వంచే ఉంటుంది. వేళ్లు మండుతుంటాయి. ఇంటికొస్తే వంట, పిల్లలు, డ్వాక్రా గ్రూపు కిస్తీ ఆలోచన. రైతుకైతే ధర బెంగ. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాల్‌కు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. ఇలాంటి సీజన్‌లో రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, పళ్లు బిగపట్టి పడుకోవడం, మెడ నరాలు లాగడం వింతేమీ కాదు. పని వల్ల వచ్చే నొప్పికి, బెంగ వల్ల వచ్చే నొప్పికి మధ్య తేడా చెప్పడం కూడా కష్టమే. రెండూ ఒకే భుజాల మీద పడతాయి.

ఒంట్లో ఏం జరుగుతుందంటే..

పొలం గట్టు మీద పాము కనిపిస్తే ఏమవుతుంది? ఆలోచించేలోపే గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, చెమట పడుతుంది. అడ్రినలిన్ వంటి హార్మోన్లు విడుదలై శరీరాన్ని పరుగుకో, పోరాటానికో సిద్ధం చేస్తాయి. పాము వెళ్లిపోగానే నాడీ వ్యవస్థలోని రెండో భాగం పని మొదలుపెట్టి అన్నిటినీ మళ్లీ నెమ్మదింపజేస్తుంది. మెదడు నుంచి గుండె, ఊపిరితిత్తులు, పేగుల దాకా వెళ్లే వేగస్ నాడి ఇందులో కీలకం.

చిక్కల్లా పాములా వచ్చి పోని భయాలతోనే. అప్పు, పంట నష్టం, ఇంట్లో గొడవలు, అయినవాళ్లు పోయిన దుఃఖం.. ఇవి నెలల తరబడి ఉంటాయి. శరీరం ‘సిద్ధం’ స్థితి నుంచి పూర్తిగా దిగదు. దాంతో తలనొప్పి, నడుం నొప్పి, గ్యాస్, దడ, నీరసం వదలవు. చాలాకాలం అలాగే ఉంటే తన ఒళ్లు బిగుసుకుని ఉందన్న సంగతే మనిషికి తెలియకుండా పోతుంది.

‘సొమాటిక్’ అంటే ఏంటి?

శరీరం అనే అర్థం ఉన్న గ్రీకు మాట ‘సోమా’ నుంచి వచ్చిందే సొమాటిక్. బయటి నుంచి చూసే శరీరం గురించి కాకుండా, మనిషి తన లోపలి నుంచి అనుభవించే శరీరం గురించి చెప్పడానికి అమెరికాకు చెందిన థామస్ హన్నా 1970ల్లో ‘సొమాటిక్స్’ అనే పేరును వాడుకలోకి తెచ్చారు. అంతకుముందే 1920ల్లో ఎడ్మండ్ జాకబ్సన్ అనే వైద్యుడు కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే పద్ధతిని రూపొందించారు. తర్వాత పీటర్ లెవిన్, బెసెల్ వాన్ డెర్ కోక్ వంటి వాళ్లు పెద్ద దెబ్బ తిన్న మనసుకు మాటలతో పాటు శరీరం ద్వారా కూడా చికిత్స అందాలని వాదించారు.

పేర్లు వేరైనా వీటన్నిటి మూలం ఒకటే. ముందు ఒంట్లో ఏం జరుగుతోందో గమనించాలి. తర్వాత శ్వాసతోనో, కదలికతోనో ఆ బిగువును కొద్దికొద్దిగా వదిలించాలి.

పల్నాడుకు ఇది కొత్తేం కాదు

ఇదంతా విదేశాల నుంచి వచ్చిందనుకుంటే పొరపాటే. ఇదే పల్నాడు జిల్లా మాచర్ల వైపు వెళ్తే నాగార్జునకొండ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల కాలంలో అక్కడ బౌద్ధ విహారాలు వెలిశాయి. సింహళ భిక్షువుల కోసం కూడా ఒక విహారం ఉండేదని శాసనాలు చెబుతున్నాయి. బౌద్ధ ధ్యానంలో మొదటి మెట్టు ‘కాయానుపస్సన’.. అంటే శరీరాన్ని, శ్వాసను, నడకను, కూర్చునే తీరును ఎరుకతో గమనించడం.

ఆ సంప్రదాయం నుంచే నేటి విపశ్యన శిబిరాలు వచ్చాయి. వాటిని ప్రపంచమంతా వ్యాప్తి చేసిన సత్యనారాయణ్ గోయెంకా 1924లో బర్మాలో పుట్టిన వ్యాపారి. తీవ్రమైన మైగ్రేన్ తలనొప్పి భరించలేక ఎందరో డాక్టర్లను కలిశారు. చివరకు 1955లో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర విపశ్యన నేర్చుకున్నారు. 1969లో భారత్‌కు వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో 1976లో ధమ్మఖేత్త కేంద్రం ఏర్పడింది. నాగార్జునసాగర్ హిల్ కాలనీలోనూ ‘ధమ్మ నాగజ్జున’ కేంద్రం ఉంది. పది రోజుల శిబిరంలో మాటలుండవు, ఫోన్ ఉండదు. మొదటి మూడు రోజులూ శ్వాసను గమనించడమే. నాలుగో రోజు నుంచి తల మొదలు కాళ్ల దాకా ఒంట్లో కలిగే ప్రతి స్పర్శనూ చూస్తూ పోవాలి. ఫీజు తీసుకోరు, పూర్తి చేసినవాళ్లు ఇచ్చే విరాళాలతోనే నడుస్తాయి.

ఇక యోగా సంగతి సరేసరి. 2025 జూన్ 21న విశాఖలో ‘యోగాంధ్ర’ పేరుతో 3 లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. అంతకుముందు నెల రోజుల పాటు ఊరూరా శిక్షణ సాగింది. అయితే ఒక్క రోజు వేసిన ఆసనాలు ఫొటోకు సరిపోతాయి గానీ బిగుసుకున్న ఒంటికి సరిపోవు. రోజూ పది నిమిషాలు చేసేదే పనిచేస్తుంది.

కోలాటం కూడా మందేనా?

పల్లెల్లో కోలాటం, చెక్కభజన బృందాలు ఉంటూనే ఉన్నాయి. అడుగు అడుగుకు కలవాలి, కోల కోలకు తగలాలి. ఊపిరి, పాట, కదలిక ఒకే తాళంలో పడతాయి. దీని మీద ఆసక్తికరమైన ఆధారం ఒకటుంది. 2010లో వెలువడిన ఓ అధ్యయనంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పడవ పోటీల క్రీడాకారులను పరీక్షించారు. ఒంటరిగా తెడ్డు వేసినప్పటి కన్నా జట్టుగా వేసినప్పుడు వాళ్లు నొప్పిని ఎక్కువగా ఓర్చుకోగలిగారు. నాట్లు వేసేటప్పుడు పాడుకునే పాటలు ఎందుకు పుట్టాయో దీన్ని బట్టి ఊహించవచ్చు.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు జరిగే పల్నాటి వీరారాధన ఉత్సవాల్లోనూ ఈ కోణం కనిపిస్తుంది. ఎప్పుడో 12వ శతాబ్దంలో చనిపోయిన వీరుల కోసం ఇప్పటికీ ఊళ్లకు ఊళ్లు కదిలొస్తాయి. ఆయుధాలు ఎత్తుకుని నడుస్తారు, కలిసి తింటారు. దాన్ని వైద్యం అని ఎవరూ అనరు. కానీ దుఃఖాన్ని నలుగురిలో, ఒంటితో, నడకతో మోసే పద్ధతి ఈ నేలకు బాగా తెలుసని అది చెబుతుంది.

పరిశోధనలు ఏమంటున్నాయి?

2014లో అమెరికాలో వాన్ డెర్ కోక్ బృందం 64 మంది మహిళలపై చేసిన అధ్యయనం బాగా పేరు పొందింది. వాళ్లంతా తీవ్రమైన మానసిక గాయంతో ఏళ్ల తరబడి బాధపడుతూ, చికిత్సతోనూ పెద్దగా ఫలితం చూడనివాళ్లు. సగం మందికి పది వారాల పాటు వారానికో గంట యోగా నేర్పారు. మిగతావాళ్లకు ఆరోగ్య పాఠాలు చెప్పారు. చివర్లో చూస్తే యోగా చేసినవాళ్లలో 52 శాతం మంది ఆ జబ్బు నిర్ధారణ పరిధి నుంచి బయటపడ్డారు. రెండో జట్టులో అది 21 శాతమే. చిన్న అధ్యయనమే అయినా ఆశ కలిగించేదే. అదే సమయంలో యోగా చేసినా దాదాపు సగం మందికి జబ్బు పోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అందుకే వీటిని చికిత్సకు తోడుగా చూడాలి.

ఇంట్లోనే చేసుకోగలిగేవి ఇవే..

ఖర్చు లేదు, మ్యాట్ అక్కర్లేదు. చాప మీదో, మంచం మీదో చేసుకోవచ్చు.

1. అరికాళ్లు నేలకు: దడగా అనిపించినప్పుడు కూర్చుని రెండు అరికాళ్లూ నేలకు ఆనించండి. నేల చల్లగా ఉందా, వెచ్చగా ఉందా? గరుకుగా ఉందా? ఒక నిమిషం అదే గమనించండి. చుట్టూ ఉన్న ఐదు వస్తువుల పేర్లు మనసులో అనుకోండి.

2. పొడవుగా వదిలే ఊపిరి: నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. ఐదు నిమిషాలు చాలు. తల తిరిగినట్టుంటే ఆపేయండి.

3. బిగించి వదలడం: పిడికిళ్లు ఐదు సెకన్లు బిగించి వదిలేయండి. తర్వాత భుజాలు చెవుల దాకా ఎత్తి వదలండి. దవడ, పొట్ట, పిక్కలు, పాదాలు.. ఒక్కొక్కటిగా ఇలాగే. నొప్పి ఉన్నచోట, దెబ్బ తగిలినచోట బిగించొద్దు.

4. తల నుంచి కాళ్ల దాకా: రాత్రి పడుకున్నాక కళ్లు మూసుకుని నుదురు, కళ్లు, దవడ, మెడ, ఛాతీ, పొట్ట, కాళ్లు.. వరసగా ఒక్కోచోట మనసు నిలపండి. దేన్నీ మార్చక్కర్లేదు, ఎలా ఉందో తెలుసుకుంటే చాలు. యోగనిద్రలో చేసేదీ దాదాపు ఇదే.

రెండు మూడు వారాలు చేస్తే చాలామందికి ఒక సంగతి తెలిసొస్తుంది. ఏ మాట విన్నప్పుడు కడుపు బిగుస్తోంది, ఎవరి ఫోన్ వస్తే భుజాలు పైకి లేస్తున్నాయి.. ఇలాంటివి. కోపం నోటిదాకా రాకముందే ఒంట్లో పట్టుబడుతుంది. ఇంట్లోవాళ్ల మీద అరవడానికి ముందు ఒక్క క్షణం దొరుకుతుంది. స్వీయ ఎరుక అంటే అంతకు మించి పెద్ద మాటేం లేదు.

ఈ లక్షణాలుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు

- ఛాతీలో నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, ఆయాసం ఉంటే టెన్షన్ అనుకుని ఊపిరి లెక్కపెడుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈసీజీ తర్వాతే మిగతా మాటలు.
- పొలంలో పురుగుమందు కొట్టి వచ్చాక తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, నోట్లో నీళ్లూరడం, కండరాలు అదరడం కనిపిస్తే అది మందు విషప్రభావం కావచ్చు. బట్టలు మార్చి, ఒంటిని సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.
- బరువు తగ్గడం, జ్వరం, తగ్గని నడుం నొప్పి, కాళ్లు తిమ్మిరెక్కడం ఉంటే ముందు డాక్టర్ పరీక్ష తప్పనిసరి.
- గతంలో తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు పది రోజుల మౌన శిబిరాలకు వెళ్లే ముందు తమ డాక్టర్‌ను అడగాలి. దరఖాస్తులోనూ ఆ విషయం దాచకూడదు. కొందరికి కళ్లు మూసుకుని శరీరాన్ని గమనిస్తే పాత భయాలు ఎగదన్నుకు వస్తాయి. అలాంటప్పుడు కళ్లు తెరిచి, లేచి నడవడమే మేలు.
- వాడుతున్న మందులను సొంతంగా ఆపేయొద్దు.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మానసిక సమస్యలున్నా చికిత్స అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. సిగ్గు, ఖర్చు, ఎవరేమనుకుంటారో అన్న భయం దీనికి ప్రధాన కారణాలు. ‘ఒళ్లు నొప్పులు’ అన్న మాట వెనక దాగింది బయటపడకపోవడం మరో కారణం.

2022 అక్టోబర్ 10న కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదు అన్న ఆలోచన తనకు వచ్చినా, ఇంట్లో ఎవరి నోటి నుంచి విన్నా తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే వెంటనే తాళం వేసిన చోటికి మార్చాలి.

నొప్పి అని చెప్పిన అమ్మకో, అత్తకో, నాన్నకో మాత్ర చేతిలో పెట్టి వెళ్లిపోయే ముందు పక్కన కూర్చుని ‘ఎక్కడ నొప్పి? ఎప్పటి నుంచి? ఆ రోజుల్లో ఏం జరిగింది?’ అని అడగండి. మాట బయటికి రావడానికి చాలాసార్లు ఆ మూడో ప్రశ్నే దారి చూపిస్తుంది. ఇక్కడిచ్చిన సమాచారం అవగాహన కోసమే, చికిత్స విషయంలో డాక్టర్ సలహానే పాటించాలి.